పదహారు జీబీలు

జీలాంగ్ ఊరి అంచున, నార్లేన్‌లో ఒక గరాజ్.
కారుని బయటికి నెట్టేసి
దాని చోటులో అరవైమంది వాద్యగాళ్ళని నిలబెట్టాలనుకున్నాను.

వయొలిన్లు పద్దెనిమిది వచ్చి కూర్చునేసరికే
సగం చోటు అయిపోయింది.
చెల్లోలు గుమ్మందాకా వచ్చి ఆగిపోయాయి.
బాకాల వాళ్ళని పిలిచానో లేదో
తెరమీద చక్రం తిరగడం మొదలుపెట్టింది,
ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమంటారు.
సరే, మంచమైనా పెంచుదామని
రైరీ స్ట్రీట్‌లో ట్రాన్ దగ్గరికి పట్టుకెళ్ళాను.
స్క్రూలు విప్పి, లోపల టార్చి వేసి,
"మెమరీని బోర్డుకే అతికేశారు, పెంచడం కుదరదు" అన్నాడు
పుచ్చిపన్ను చూపించే డాక్టరు గొంతుతో.
డబ్బులు తీసుకోలేదు.

పదకొండు నిమిషాల సినిమా.
మూతపడిన ఉన్ని మిల్లు గురించి.
తీసినావిడ డెనీస్ మెక్రాకెన్, వాళ్ళమ్మ అక్కడ నేతపని చేసింది.
గురువారానికల్లా సంగీతం కావాలి.

మెమరీని తినేస్తున్నదెవరా అని వెతుకుతూ
ఒక్క వయోలా మూత తీసి చూశాను.
ఒక్క షడ్జమం కోసం
మెల్లగా, మామూలుగా, గట్టిగా,
కమాను పైకి, కమాను కిందికి,
అచ్చం ఒకేలా ఉండకూడదని మళ్ళీ నాలుగేసి సార్లు.
వేలు ఎత్తేశాక మిగిలే గాలి కూడా విడిగా.
నిశ్శబ్దానికీ బరువుంటుందని
ఆ అర్ధరాత్రి అంకెల్లో తెలిసింది.

వాయించని స్వరాలన్నీ బయటికి తోసేశాను.
దానికో మీట ఉంది. ఒకసారి నొక్కితే చాలు.
వీణకి ఏడంటే ఏడే మిగిలాయి,
మిగతా మెట్లు ఉత్త బొమ్మలు.
పొరపాటున ఇంకో మీట మీద వేలు పడితే
చెక్కని ముట్టుకున్నట్టు ఉంటుంది, పలకదు.

అప్పటికీ చాల్లేదు.

బుధవారం డెనీస్ వచ్చింది, ఫ్లాస్కులో టీ తెచ్చుకుని.
వీణా, రెండు చెల్లోలూ, అంతే వినిపించాను,
ఖాళీ మగ్గాల మీద అది బాగుంటుందని,
ఖాళీతనమే కదా కథ అని,
చోటు లేకపోవడాన్ని కళగా అమ్మబోయాను.

ఆవిడ టీ పూర్తిగా తాగింది.
"మా అమ్మకి నలభయ్యో ఏటికే చెవులు పోయాయి.
ఆ షెడ్డులో ఎప్పుడూ నిశ్శబ్దం లేదు.
నాకు మోత కావాలి."

ఇక ఆ రాత్రి, ఒక్కొక్క జట్టునే లోపలికి పిలిచాను.
వయొలిన్లు వచ్చి వాయించాయి.
వాయించింది వాయించినట్టు గడ్డకట్టించి,
పాత్ర కడిగేసినట్టు మెమరీ ఖాళీ చేసి,
తర్వాత వయోలాలు. తర్వాత చెల్లోలు.
గడ్డకట్టిన వరస మీద నీలిరంగు పడుతుంది.
దానికిక చోటు అక్కర్లేదు, మార్చే వీలూ లేదు.
ఎక్కడో ఒక గమకం కాస్త తొందరపడినా
దాన్ని అలాగే భరించాలి.

బాకాలు రెండున్నరకి వచ్చాయి.
డప్పులు చివర, నాలుగింటికి.
ఒకరినొకరు చూసుకోని అరవైమంది
తెర మీద పైనుంచి కిందిదాకా నీలంగా పడుకున్నారు.

మీట నొక్కాను.
గరాజ్ రేకు తలుపు వణికింది.
పక్కింటి కుక్క లేచింది.
చక్రం తిరగలేదు.

ఏడో నిమిషంలో, మగ్గాలు ఆగేచోట,
అంతా మోగి తగ్గుతుండగా
కిర్రుమని ఒక కుర్చీ.
ఎవరో, ఏ దేశపు హాల్లోనో, ఏ సంవత్సరమో,
వయోలా వాయించి వేలు ఎత్తి
నడుం నొప్పేమో, కాస్త ఒరిగి కూర్చున్నారు.
వాయించిన స్వరం తోక పట్టుకుని
నేను తోసేసినవాటిలో పడకుండా
ఇక్కడిదాకా వచ్చేశారు.

తీసేయొచ్చు.
తీయాలంటే వయోలాలని కరిగించాలి,
కరిగిస్తే తెల్లారేలోపు మళ్ళీ గడ్డకట్టవు.

ఫైలు పంపేశాను.
బయట కారు అద్దం మీద మంచు పేరుకుంది.
లైబ్రరీ కార్డుతో గీకుతూ నిలబడ్డాను.
గీకిన చప్పుడు బాగానే ఉంది.
ఫోన్ లోపలే మర్చిపోయాను.